వెయ్యిన్నూట పదహార్లు

మా మనవరాలు తయారుచేసింది ఆట కాదు. ఈ మాట ముందే చెప్పాలి. ఊళ్ళో అందరూ "ఫోన్లో ఆట చేసింది" అన్నారు, ఇప్పటికీ అలాగే అంటారు. పులి–మేక ఆటను ఎవరూ కొత్తగా తయారుచేయనక్కరలేదు. నేల మీద గీతలు, మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకితే మేక చచ్చినట్టు. మేకలన్నీ చుట్టుముట్టి పులులను కదలకుండా చేస్తే పులులు ఓడినట్టు. మా పిల్ల చేసింది ఆ ఆట ఆడేవాళ్ళకు ఒక పనిముట్టు. బండ మీదో, కాగితం మీదో గీసుకుని ఆడుకుంటూ ఎత్తు ఎత్తుకూ ఫోన్‌తో ఫోటో తీస్తే చాలు. ఏ గింజ ఎక్కడుందో అది గుర్తుపడుతుంది. ఆట మొత్తం దాచిపెడుతుంది. అయిపోయాక, నువ్వు ఎక్కడ తప్పు చేశావో చూపిస్తుంది. అంతకుమించి ఏమీ చేయదు.

ఆమె నా కూతురి కూతురు. చెన్నైలో ఆమె పనిచేసే కంపెనీ మనుషులను తగ్గించినప్పుడు, ఆ తగ్గినవాళ్ళలో ఆమె ఒకతె. నెల్లూరులో తల్లిదండ్రుల దగ్గరకు పోకుండా ఆత్మకూరుకు నా దగ్గరకు వచ్చింది. అక్కడికి పోతే పెళ్ళి మాట తప్ప వేరే మాట వినపడదు. నా ఇంట్లో ఏ మాటా వినపడదు. నేను ముప్పై నాలుగేళ్ళు ఒక సహకార సంఘంలో పద్దులు రాసి రిటైరైనదాన్ని. అవతలివాళ్ళు అంకె చెప్పేదాకా నోరు విప్పే అలవాటు లేదు.

నా పుట్టిల్లు ఉదయగిరి. అక్కడ కొండ కింద బండల మీద ఎవరో ఎప్పుడో చెక్కిన పులి–మేక గీతల్లోనే నేనూ మా తమ్ముడూ ఆడుకుంటూ పెరిగాం. పులులకు పెంకుముక్కలు, మేకలకు చింతగింజలు. తమ్ముడు ఎప్పుడూ పులులే కావాలనేవాడు. మేకలతో ఆడమంటే గింజలు చెదరగొట్టి లేచిపోయేవాడు. ఆ ఆటను మనవరాలికి నేర్పింది నేనే, ఆమెకు ఏడేళ్ళప్పుడు. చెన్నైలో ఉండగా ఈ పాత ఆటలంటే పడిచచ్చేవాళ్ళు ఊరూరా ఉన్నారనీ, ఫోన్లలో గుంపులు కట్టి మాట్లాడుకుంటారనీ ఆమెకు తెలిసింది. వాళ్ళందరిదీ ఒకటే ఏడుపు. చదరంగానికి బోలెడు పనిముట్లు ఉన్నాయి, మా ఆటకు ఒక్కటీ లేదు అని.

ఆ వేసవంతా నా పని గీతలు గీయడం. కెమెరాకు నేర్పాలంటే వంకర గీతలు కావాలట. తిన్నని గీతలు కంప్యూటర్ తానే గీసుకుంటుంది. నా చెయ్యి వణుకుతుంది గనుక నేను పనికొచ్చాను. సుద్దతో, బొగ్గుతో, ముగ్గుపిండితో, మిద్దె మీద, మెట్ల మీద, చాప తిరగేసి దాని మీద, చోటు దొరికితే చాలు గీశాను. ఆమె పైనుంచి, పక్కనుంచి, ఎండలో, నీడలో ఫోటోలు తీసింది.

"ఇంకొంచెం వంకరగా గియ్యి అవ్వా."

"ఇంతకంటే వంకర ఇప్పుడు రాదే. ఇంకో రెండేళ్ళు ఆగు."

అది పనిచేయడం మొదలుపెట్టిన రోజు మేమిద్దరం ఒక ఆట ఆడాం. నేను ఓడాను. ఫోన్ చూసి చెప్పింది, నేను ఆట మధ్యలో కాదు, మొదటి మేకను పెట్టడంలోనే ఓడానని. ఆ మూల మంచిదనుకుని నేను చిన్నప్పటినుంచీ మొదటి మేకను అక్కడే పెడుతున్నాను. అరవై ఏళ్ళు తప్పు చోట పెట్టాను. నాకు కోపం రాలేదు. నా పద్దులో తప్పు పట్టుకున్న ఆడిటర్ అంటే నాకు ఎప్పుడూ గౌరవమే.

ఫోటో చూసి గుర్తుపట్టే పని ఫోన్ వల్ల కాదు. ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్‌ను అద్దెకు తీసుకోవాలి. అద్దె నెలకు ఆరు వేల రెండు వందలు. మొదటి ఏడాది అద్దె, ల్యాప్‌టాప్ ఖరీదు కలిపి లక్షా ముప్పై నాలుగు వేల నాలుగు వందలు నేనిచ్చాను. గడువు తీరకముందే డిపాజిట్ విడిపించాను గనుక వడ్డీలో కోత పడింది. ఇది ఒక్కసారికే అని ఇచ్చిన రోజే చెప్పాను. చెప్పిన మాట మీదే ఉన్నాను.

ఏడాది తిరిగేసరికి దాన్ని వాడేవాళ్ళు ఎనిమిది వందల మంది అయ్యారు. మదురై, బెంగళూరు, కొలంబో, ఇంకా ఏవేవో ఊళ్ళు. పొగడ్తలకు లోటు లేదు. ఇది లేకపోతే ఎలా బతికామో అని రాసినవాడు కూడా ఉన్నాడు. నెలకు నలభై తొమ్మిది రూపాయలు ఇవ్వమని అడిగేసరికి ఆ బతికినవాడు తప్పుకున్నాడు. బెంగళూరు నుంచి ఒకాయన, రోజూ వాడేవాడు, ఇలా రాశాడు: "ఇష్టంతో చేసే పనికి డబ్బు అడగడానికి సిగ్గు లేదా? మేము ఆటగాళ్ళం, కస్టమర్లం కాదు." ఆయన కాఫీకి ఎంత పెడతాడో కనుక్కోమన్నాను. మనవరాలు కనుక్కోలేదు. చివరికి డబ్బు కట్టినవాళ్ళు ఇరవై ఒక్కరు. నెలకు వెయ్యి ఇరవై తొమ్మిది రూపాయలు. అందులో యాప్ అమ్మే స్టోరు వాడి వాటా పోగా మిగిలింది ఆరువేల అద్దెలో ఏ మూలకు?

కొత్త కంపెనీలకు డబ్బు పెట్టేవాళ్ళు నెల్లూరులో ఒక మీటింగు పెట్టారంటే వెళ్ళాం. బల్లకు అవతల ముగ్గురు కూర్చున్నారు. మనవరాలు ఇంగ్లీషులో బాగానే చెప్పింది. మధ్యలో కూర్చున్న పెద్దమనిషి కాగితం మీద పులి–మేక అన్న పేరు చూసి తలెత్తాడు.

"మేకలు ఎన్నమ్మా?"

"పదిహేను సార్."

"లోను యూనిట్ అంటే ఇరవై మేకలు, ఒక పోతు. ఐదు తక్కువైనాయే."

పక్కాయన నవ్వి ఆయన చెవిలో చెప్పాడు, ఇది మేకల పెంపకం కాదు, ఆట అని. పెద్దమనిషికి చిన్నతనమైంది. ఆ చిన్నతనం మా మీద తీర్చుకున్నాడు.

"ఆట ఆడేవాళ్ళు ఎనిమిది వందలా? మా వీధిలో కుక్కలు ఇంతకంటే ఎక్కువ ఉండాయి తల్లీ. దీన్నే మేకలు అమ్మే యాప్‌గా మార్చుకోని రా. ఫోటో తీస్తే మేక బరువు చెప్పాల. అప్పుడు మాట్లాడదాం."

బస్సులో ఆత్మకూరు వచ్చేదాకా ఆమె కిటికీ వైపే తిరిగి కూర్చుంది.

ఆ ఫిబ్రవరిలో మా తమ్ముడు ఉదయగిరిలో బోరు వేయించాడు. అంతకుముందు వేసిన నాలుగూ ఎండిపోయాయి. ఐదోదానిలో నీళ్ళు పడ్డాయి. ఆ సంతోషంలో బంధువులందరినీ పిలిచి భోజనాలు పెట్టాడు. షామియానా వేయించాడు, మైకు పెట్టించాడు. మా తమ్ముడు ఊళ్ళో పెద్దరికం చేసే మనిషి. పొలం తగాదా అయినా, ఎన్నికల్లో ఎవరికి నిలబడాలన్నా ఆయన అరుగు మీదే తేలాలి. మనవరాలి సంగతి నేను చెప్తే విని, ఆకు ముందు కూర్చున్నవాడు అక్కడే నిర్ణయించేశాడు.

"అక్కా, లక్ష రూపాయలకా ఈ పిల్ల నెల్లూరు పోయి మాటలు పడింది? మనోళ్ళు లేరా? అన్నం తిన్నాక చూడు."

భోజనాలయ్యాక మైకు తీసుకుని, మా మనవరాలు కంపెనీ పెడతా ఉండాది, మనమందరం తలా ఒక చెయ్యి వెయ్యాల అన్నాడు. తన వంతు ఇరవై ఐదు వేల నూట పదహార్లు అని తానే చదివాడు. ఇక ఎవరు ఆగుతారు? ఆయన చూస్తుండగా జేబులోంచి చెయ్యి ఖాళీగా తీయగల మగవాడు ఆ పందిట్లో లేడు. షామియానా సప్లయర్స్ అతనే మైకు పట్టుకుని గొంతు పెంచి చదివాడు. కొండాపురం నుంచి వచ్చిన ఫలానావారు ఐదు వేల నూట పదహార్లు. జలదంకి ఫలానావారు రెండు వేల నూట పదహార్లు. అనంతసాగరం నుంచి వచ్చిన, గొర్రెలు మేపుకునే ఇంటివాళ్ళు, మా తమ్ముడికి పొలంలో ఎరువు కోసం మంద కట్టేవాళ్ళు, వాళ్ళూ రెండు వేల నూట పదహార్లు. చిన్న మొత్తం వెయ్యిన్నూట పదహార్లు. అంతకంటే తక్కువ ఎవరూ చదివించలేదు.

నలభై ఒక్క ఇళ్ళు. మొత్తం లక్షా ఇరవై తొమ్మిది వేల ఏడు వందల యాభై ఆరు. నేనే రెండుసార్లు లెక్కపెట్టాను.

నేను తమ్ముడిని పక్కకు పిలిచాను. "రేయ్, ఇది తిరిగి ఇచ్చేదా, ఇయ్యబల్లేనిదా? అదొక్కటీ మైకులో చెప్పించు."

"నీకు ఎప్పుడూ పద్దుల గోలే అక్కా. పిల్ల మొఖంలో నవ్వు చూడు. పో, తాంబూలం తీసుకో."

మనవరాలి మొహంలో నవ్వు ఉన్న మాట నిజమే. ఇలా పదిమంది తలా కొంత వేసి ఒక పనిని నిలబెట్టడం వాళ్ళ లోకంలో మామూలట. ఇచ్చినవాళ్ళ పేర్లు యాప్ తెరవగానే కనపడేలా పెడతారట. ఆ రాత్రే ఆమె నలభై ఒక్క పేర్లూ, ఎదురుగా అంకెలూ ఎక్కించింది. పైన 'మా వెనక నిలబడినవారు' అని రాసింది. ఎక్కిస్తూ నన్ను అడిగింది.

"అన్నీ పదహారుతోనే ఎందుకు అయిపోతా ఉండాయి అవ్వా? బాగుండాది చూడ్డానికి."

చందా అయితే వెయ్యి ఇస్తారు, రెండు వేలు ఇస్తారు. పదహారు తగిలించారంటే అది చందా కాదు, చదివింపు. పెళ్ళిలో, గృహప్రవేశంలో మైకులో పేరు చదివించి ఇచ్చే డబ్బు అది. రేపు వాళ్ళింట్లో శుభకార్యమైతే మనం పోయి, అంతకు అంతా, పైన మరికొంత వేసి, అలాగే మైకులో చదివించాలి. మా వైపు పుట్టినవాళ్ళకు ఇది ఎవరూ నేర్పరు. హాస్టళ్ళలో, చెన్నైలో పెరిగిన పిల్లకు ఎవరూ నేర్పలేదు. ఆమెకు అంతా చెప్పాను. విని, "అది పెళ్ళిళ్ళకు గదా, ఇది సాఫ్ట్‌వేర్‌కు" అంది. ఆమె మాటలో తర్కం ఉంది. ఉదయగిరిలో దాన్ని ఎవరి దగ్గర మార్చుకోవాలో నాకు తెలియలేదు.

డెబ్భై నాలుగు వేల నాలుగు వందలు రెండో ఏడాది అద్దెకు పోయాయి. యాభై ఐదు వేలు, కెమెరా పని ఇంకా మెరుగ్గా రాసిపెట్టిన చెన్నై స్నేహితురాలికి పోయాయి. మూడు వందల యాభై ఆరు రూపాయలు మిగిలాయి. పనిముట్టు మాత్రం బాగుపడింది. చీకటిగా ఉన్న ఫోటో ఇచ్చినా తప్పు పోయేది కాదు. దూరాన ఒక కాలేజీలో పాత ఆటల మీద పనిచేసేవాళ్ళు అది చూసి, వచ్చే ఏడాది జూలై నుంచి తమ కంప్యూటర్లలో ఉచితంగా పెట్టుకుంటామని రాశారు. ఒకటే షరతు. అప్పటిదాకా ఆగకుండా నడుస్తూ ఉండాలి. ఆగిపోయిన వస్తువును వాళ్ళు తీసుకోరట. ఫిబ్రవరితో మేము కట్టిన అద్దె అయిపోతుంది. అంటే మార్చి నుంచి జూన్ దాకా నాలుగు నెలలు, ఇరవై నాలుగు వేల ఎనిమిది వందలు. అది సంపాదిస్తే పనిముట్టు బతుకుతుంది. లేకపోతే లేదు.

మేలో కొండాపురం వాళ్ళ గృహప్రవేశం కార్డు వచ్చింది. ఐదు వేల నూట పదహార్లు చదివించిన ఇల్లు. నేను మోకాళ్ళ నొప్పితో పోలేదు. ఆమె ఒక గోడ గడియారం కొని, రంగుకాగితం చుట్టించుకుని పోయింది. చదివింపుల బల్ల దగ్గర దాన్ని పెట్టింది. మైకులో "ఆత్మకూరు అవ్వ గారి మనవరాలు, గోడ గడియారం ఒకటి" అని చదివారట. తర్వాత ఏం జరిగిందో ఆమె నాకు చెప్పలేదు. మర్నాడు పక్కింటావిడ చెప్పింది, ఆమె అక్కడే ఉంది గనుక.

ఆ ఇంటాయన పంక్తిలో వడ్డిస్తూ వచ్చి మా పిల్ల ఆకు ముందు ఆగాడట.

"గడియారం బాగుండాది పాపా. మా ఐదు వేల నూట పదహార్లు యాడ తగిలించినావు? దానికి మేకు కొట్టినావా లేదా?"

పంక్తి అంతా నవ్వారు. ఆమె లేచి నిలబడి, అది యాప్ కోసం ఇచ్చిన డబ్బనీ, ఖర్చయిపోయిందనీ, ఆయన పేరు యాప్‌లో ఉందనీ చెప్పింది.

"అదే గదా నేను జెప్పేది! పేరు రాసినావు, అంకె వేసినావు. తీసుకున్నానని నీ చేత్తో నువ్వే ఒప్పుకున్నావు. ఇంగ లేదంటావేంది?"

ఆయన భార్య సాంబారు బకెట్టుతో వచ్చింది. "ఊరుకోండి, పిల్ల ఏం చేస్తాది. గంట కొట్టినప్పుడల్లా మన డబ్బు గుర్తొస్తాదిలే" అంది. మళ్ళీ నవ్వారు.

ఆమె ఆ నెలలోనే బస్టాండు దగ్గర దుకాణాలకు బిల్లులు వేసే పని ఒప్పుకుంది. ఎరువుల అంగడి, సెల్‌ఫోన్ల అంగడి, రెండు మందుల షాపులు. వచ్చిన డబ్బుతో కొండాపురం వెళ్ళి ఐదు వేల ఐదు వందల పదహార్లు ఇచ్చి వచ్చింది. ఇక అప్పటినుంచి కార్డులు వస్తూనే ఉన్నాయి. ఎప్పుడూ పిలవనివాళ్ళు కూడా పిలిచారు. ఓణీల ఫంక్షన్, సీమంతం, చెవులు కుట్టడం, చివరికి ఒకాయన తన అరవయ్యో పుట్టినరోజు చేసుకున్నాడు, జన్మలో మొదటిసారి. అందరి దగ్గరా యాప్ తెర ఫోటో ఉంది. ఎవరు ఎంత చదివించారో అందరికీ తెలుసు.

అనంతసాగరం నుంచి మాత్రం కార్డు రాలేదు, మనిషే వచ్చింది. ఆ ఇంటి ఇల్లాలు షేర్ ఆటో దిగి నేరుగా మా వాకిట్లోకి వచ్చి కూర్చుంది. కొడుకు బిడ్డకు చెవులు కుట్టిస్తున్నారు.

"మ్మే, మేము ఒక పొట్టేలిని తక్కువకు అమ్మి ఇచ్చినాం ఆ రెండు వేలు. పెద్దాయన చూస్తా ఉండాడని ఇచ్చినాం. నీ ఆట మాకేం జేసుకోను? మా వోడు దాంట్లో ఆడితే, నువ్వు ఓడినావు, నువ్వు ఓడినావు అంటాది. ఆ మాట చెప్పించుకోను డబ్బులు కూడా ఇయ్యాల్నా?"

మనవరాలికి నవ్వు వచ్చింది. ఆమె నవ్వడం చూసి ఆవిడకు ఒళ్ళు మండింది. "నవ్వుతా ఉండావా? రెండు వేల నూట పదహార్లు, పైన రెండు వందలు. లేకపోతే మా చెవులు కుట్టే ఆచారి నీకు కూడా కుడతాడు, రా." మంచినీళ్ళు కూడా ముట్టకుండా పోయింది. ఆవిడకూ మా పిల్ల ఇచ్చింది.

అప్పుడు మనవరాలు ఒక పని చేసింది. తెర మీద పేర్లన్నీ తీసేసింది. పేర్లు కనపడకపోతే అడగడం తగ్గుతుందనుకుంది. తీసేస్తున్నట్టు నాతో చెప్పలేదు, చెప్పి ఉంటే వద్దనేదాన్ని. చెల్లించకుండా పేరు కొట్టేయడమంటే ఏమిటో పద్దులు రాసిన ఎవరికైనా తెలుసు. మూడో రోజుకల్లా బంధువుల గుంపులో ఎవరో పెట్టారు, బాకీ ఎగ్గొట్టడానికి పేర్లు తీసేసింది అని. ఇచ్చినవాళ్ళూ, వాళ్ళ కొడుకులూ, కోడళ్ళూ, ఈ ఆట ఎప్పుడూ ఆడనివాళ్ళంతా యాప్ స్టోరులోకి పోయి ఒక్కొక్క స్టార్ ఇచ్చారు. ఎంతసేపు పడుతుంది? కింద తెలుగులో రాశారు. 'మా డబ్బు మాకియ్యి.' 'ముష్టి యాప్.' 'తిని మూతి తుడుచుకున్నారు, ఫ్యామిలీ మొత్తం ఇంతే.' మదురైలో ఉన్నవాడికి తెలుగు రాదు. వాడికి స్టార్లు కనపడతాయి. నాలుగున్నర నుంచి రెండుకు పడిపోయింది. కొత్తవాళ్ళు రావడం ఆగిపోయింది. డబ్బు కట్టే ఇరవై ఒక్కరిలో తొమ్మిది మంది మిగిలారు.

ఆ ఏడాది పదకొండు ఇళ్ళకు తిరిగి ఇచ్చింది. బిల్లుల పని మీద వచ్చిందంతా అటే పోయింది. అయినా అందులోంచే ఏ నెలకు ఆ నెల కొంత పక్కన పెడుతూ, జనవరి ఆఖరుకు ఇరవై ఐదు వేల చిల్లర కూడబెట్టింది. నాలుగు నెలల అద్దె. ఆ చిల్లర సంగతి నాకు తెలుసు, నూట పదహారు.

మా తమ్ముడి మనవడి పెళ్ళి ఫిబ్రవరిలో, ఆత్మకూరులోనే, ఫంక్షన్ హాల్లో.

కార్డు ఇవ్వడానికి తమ్ముడే వచ్చాడు. మనవరాలు ఆయనకు కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. దాచకుండా చెప్పింది. తన దగ్గర ఉన్నది ఆయన ఇచ్చినంత సొమ్మే. అది అద్దెకు కడితే జూలై దాకా పనిముట్టు నడుస్తుంది, తర్వాత ఖర్చే ఉండదు. ఆయన సొమ్ము దసరాలోపల ఇస్తుంది, పైన ఐదు వేలు వేసి.

"ఇప్పుడు వద్దు తాతా. దసరాకు ఇస్తాను. నువ్వొక్కడివి ఆగితే చాలు."

ఆయన కాఫీ చివరిదాకా తాగాడు.

"నేనొక్కడినే ఎట్టా అవుతాను పాపా? నేను ఆగినానంటే తక్కిన ఇరవై తొమ్మిది మందీ, పెద్దాయనకే ఎగ్గొట్టింది ఇంగ మనకేం ఇస్తాది అంటారు. వాళ్ళు నీ మొఖం చూసి ఇయ్యలేదు, నా మొఖం చూసి ఇచ్చినారు. నువ్వు కొండాపురంలో గడియారం పెట్టినప్పుడు నవ్వింది నిన్ను చూసి కాదు."

"ఇది ఆగిపోతే మళ్ళీ లేవదు తాతా."

"పోతే పోనీ. యాడన్నా మనుషులు అన్నం మానుకున్నారా అది లేకపోతే? బండ ఉండాది, చింతగింజలు ఉండాయి, ఆడుకుంటారు. పెళ్ళిలో మైకు ముందు నీ పేరు పిలిచి, నువ్వు రాకపోతే, నేను ఈ జిల్లాలో పంచాయితీ చెప్పగలనా?" ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వియ్యి అక్కా, అంత ముద్దయితే. పింఛనీ వస్తాది గదా."

"నేను ఒకసారి ఇచ్చినాను" అన్నాను.

మనవరాలు నా వైపు చూడలేదు. రెండోసారి ఇవ్వమని ఆమె నన్ను ఎప్పుడూ అడగలేదు. అడిగినా ఇచ్చేదాన్ని కాదు.

పెళ్ళికి ఇద్దరం వెళ్ళాం. చదివింపుల వరుసలో ఆమె నిలబడింది. నేను పక్కన కుర్చీలో కూర్చున్నాను. బల్ల దగ్గర తమ్ముడే స్వయంగా కూర్చున్నాడు. ఆమె నోట్లు పెట్టింది. మైకు అతను చదివాడు: ఆత్మకూరు ఫలానావారి మనవరాలు, ఇరవై ఐదు వేల నూట పదహార్లు.

తమ్ముడు నోట్లు లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

"పైన ఏం వెయ్యలేదే?"

"వెయ్యలేదు తాతా."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ఆమె వైపు తిరిగారు. తీసుకున్నది తీసుకున్నట్టు, రూపాయి కలపకుండా తిరిగి ఇవ్వడమంటే ఆ ఇంటితో ఇక రాకపోకలు వద్దనుకోవడం. పైన వేసే ఆ కొంతలోనే ఉంటుంది చుట్టరికమంతా. అది ఆమెకు తెలుసు, నేను చెప్పి ఉన్నాను. మా మరదలు వెనకనుంచి అంది, "చదువుకున్న పిల్ల గదా, లెక్క సరిగ్గా తెంచింది." తమ్ముడు నోట్లు పెట్టెలో వేసి, తల ఎత్తకుండా, "తర్వాత ఎవరు?" అన్నాడు. డెబ్భై ఏళ్ళ తమ్ముడు. నన్ను భోజనానికి లేవమని ఎవరూ పిలవలేదు. మేము తినకుండా వచ్చేశాం.

మార్చి మొదటి తారీఖున పనిముట్టు ఆగిపోయింది. అంతకు వారం ముందే అందరికీ ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు పంపింది. డబ్బు లేక ఆపుతున్నానని రాసింది, ఇంకే కారణమూ రాయలేదు. అయ్యో అని రాసినవాళ్ళు చాలామంది. కాలేజీవాళ్ళు ఒక వాక్యంలో తమ విచారం తెలియజేశారు. డబ్బు కట్టేవాళ్ళలో ఒకడు, నెల మధ్యలో కట్టాను గనుక మిగిలిన రోజులకు లెక్కకట్టి పద్దెనిమిది రూపాయలు వెనక్కి పంపమన్నాడు. లెక్క నేను సరిచూశాను. పద్దెనిమిదే. పంపింది.

ఆ నెల మధ్యలో షామియానా సప్లయర్స్ అతను ఇంటికి వచ్చాడు. బోరు భోజనాల్లో, పెళ్ళిలో మైకు పట్టుకున్నవాడే. చెప్పులు వాకిట్లో విడిచి, గుమ్మం లోపలికి వచ్చి కూర్చున్నాడు.

"పాపా, నీకు పని ఒకటి తెచ్చినా. అప్పుడు నువ్వు పేర్లు, అంకెలు ఫోన్లో వేసినావు గదా, అట్టాంటిది నాకు చేసియ్యి. ఎవరు ఎంత చదివించినారు, ఇంతకుముందు వాళ్ళకు మనం ఎంత పెట్టినాం, తేడా ఎంత, పేరు కొట్టంగానే రావాల. హాల్లో పెద్ద టీవీ మీద పడాల, అందరికీ కనపడాల. పెళ్ళోళ్ళు నన్ను ఒకటే పీకుతా ఉండారు, పుస్తకాలు వెతకలేక చస్తా ఉండాం అని."

"ఎంత ఇస్తారు?" నేను అడిగాను.

"లక్ష. సగం ఇప్పుడే." జేబులోంచి కట్ట తీసి ముక్కాలిపీట మీద పెట్టాడు. "తక్కిన హాళ్ళోళ్ళు కూడా అడుగుతా ఉండారమ్మా. ఉదయగిరి పెద్దాయన ముందే చెప్పినాడు, నా ఇంటి పుస్తకాలన్నీ దాంట్లోకి ఎక్కించమని."

ఎంతమంది వాడతారని ఎవరూ అడగలేదు. సిగ్గు లేదా అని కూడా ఎవరూ అనలేదు. మనవరాలు ఆ కట్ట వైపు చూసింది. ఇంకా ఇరవై తొమ్మిది ఇళ్ళకు తిరిగి ఇవ్వాలి. ఆమె లోపలికి పోయి ల్యాప్‌టాప్ తెచ్చుకుని, అతనికి ఎదురుగా నేల మీద కూర్చుని తెరిచింది. మొహంలో ఏమీ లేదు. పనిలో ఉన్నప్పుడు మంచి గుమాస్తా మొహం అలాగే ఉంటుంది.

"తిరిగి ఇయ్యనోళ్ళ పేర్లు ఏ రంగులో రావాల?" అని అడిగింది.

"ఎర్రగా పెట్టు పాపా" అన్నాడతను. "ఎర్రగా, పెద్దచ్చరాల్తో. అన్నం తినేకాడ నుంచి కూడా కనపడాల."